ఉపవాసముండి ప్రార్థించినా మా అమ్మాయి దక్కలేదు

ప్రశ్న: మాది మెట్టుగూడ. రైల్వేలో ఉద్యోగం. మా చర్చి సంఘంలో నేను పెద్దను. ఎనిమిది నెలల క్రితం డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్న మా అమ్మాయి డెంగీతో చనిపోయింది. ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లూ సంఘమంతా ఉపవాస ప్రార్థనలు చేసింది. ‘మన ప్రార్థన ఆయన వినలేదు’ అని నా భార్య చర్చికి రావడం మానేసింది. నా దగ్గర జవాబు లేదు. ఆదివారం నిలబడి ప్రార్థన చేయిస్తాను కానీ లోపల ఏమీ లేదు. విశ్వాసులు ఏడవకూడదంటారు కాబట్టి ఇంతవరకు ఏడవలేదు. రోజూ పొద్దున్నే అమ్మాయి స్కూటీ తుడుస్తాను. రాత్రిళ్లు నిద్ర పట్టదు. ఈ మధ్య నేనూ తన దగ్గరికే వెళ్లిపోతే బాగుండుననిపిస్తోంది. నా విశ్వాసం అబద్ధమా?

జవాబు: అన్నగారూ, మీరు చివర్లో రాసినదాన్నే ముందు మాట్లాడుకుందాం. బిడ్డను పోగొట్టుకున్నవారికి వెళ్లిపోవాలన్న ఆలోచన రావడం నేను చాలాసార్లు విన్నాను. అది పాపమని మిమ్మల్ని భయపెట్టను. కానీ దాన్ని మీరొక్కరే మోయకండి. ఈ రోజే మీ భార్యకో, తోడబుట్టినవారికో, పాస్టరు గారికో ఉన్నదున్నట్టు చెప్పండి. ఆలోచన బలపడిన రాత్రి ఒంటరిగా ఉండకుండా ఎవరినైనా పక్కన కూర్చోబెట్టుకుని 14416కి ఫోను చేయండి. కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలి మానస్ సేవ అది. రాత్రీ పగలూ పనిచేస్తుంది, డబ్బు కట్టనక్కరలేదు, తెలుగులోనే మాట్లాడవచ్చు. నిద్ర సంగతికి లాలాగూడ రైల్వే ఆసుపత్రిలో చూపించుకుని మొదలుపెట్టండి. మానసిక వైద్యుణ్ణి కలవమంటే కలవండి. ఎర్రగడ్డ ప్రభుత్వ మానసిక ఆసుపత్రికి వెళ్లమన్నా వెళ్లండి. ఆ పేరు వినగానే మన ఊళ్లో జనం ఎలా చూస్తారో నాకు తెలుసు. ఆ చూపులు మీ ప్రాణం కంటే ఎక్కువ కాదు.

మాత్రలు వేసుకుంటే విశ్వాసం తగ్గినట్టని ఎవరైనా అంటే, అపొస్తలుడు పౌలు వెంట ఉన్న లూకా వైద్యుడేనని గుర్తుచేయండి. ఏలీయా సంగతి మీకు నేను చెప్పాలా? కర్మెలు కొండ మీద అంత గెలుపు చూసిన ప్రవక్త, ఆ తర్వాత అరణ్యంలో బదరీవృక్షం కింద కూర్చుని తన ప్రాణం తీసుకొమ్మని దేవుణ్ణి అడిగాడు. దేవుడు మందలించలేదు, బోధించలేదు. నిద్రపోనిచ్చాడు. దూత తట్టి లేపేసరికి తల దగ్గర నిప్పుల మీద కాల్చిన రొట్టె, నీళ్లు ఉన్నాయి. తిని, తాగి, మళ్లీ పడుకున్నాడు. దూత రెండోసారి వచ్చి మళ్లీ తినమన్నాడు. మాటలన్నీ ఆ తర్వాత, దేవుని కొండ హోరేబు చేరాకే. మీకూ ఇప్పుడు అదే వరుస కావాలి. వేళకు అన్నం, రాత్రికి నిద్ర. మీ ప్రశ్నలు ఎక్కడికీ పోవు.

విశ్వాసులు ఏడవకూడదన్న మాట మన సంఘాల్లోకి ఎలా వచ్చిందో గాని, బైబిల్లోంచి మాత్రం రాలేదు. నిరీక్షణ లేనివారిలా, అంటే ఆశ లేనివారిలా దుఃఖపడవద్దని పౌలు రాశాడే తప్ప, దుఃఖమే వద్దనలేదు. చనిపోయిన తన స్నేహితుడు లాజరును కాసేపట్లో లేపబోతున్నానని యేసుకు తెలుసు. అయినా ఆ సమాధికి వెళ్లే దారిలో కన్నీళ్లు విడిచాడు. పునరుత్థానం సంగతి తెలిసినవాడే ఏడిస్తే, మీరు ఇన్ని నెలలు పంటి బిగువున ఎందుకు ఉండాలి?

ఆదరణ కూడికలో ఎవరో ఒకరు ‘దేవుడు తన తోటకు మంచి పువ్వును కోసుకున్నాడు’ అనే ఉంటారు. ప్రేమతోనే అంటారు, నిజమే. కానీ ఆ మాట విన్న తల్లికి దేవుడు తన బిడ్డను తెంపుకుపోయినవాడిలా కనిపిస్తాడు. బైబిలు మరణాన్ని శత్రువు అంటుంది, చివరగా నశించే శత్రువు అంటుంది. మీ అమ్మాయి మరణాన్ని మీరూ శత్రువనే అనండి. అడిగినదల్లా దొరుకుతుందన్నది మన నిరీక్షణ కాదు. సిలువకు ముందు రాత్రి గెత్సేమనే తోటలో యేసు వద్దన్న శ్రమల గిన్నె కూడా తొలగలేదు. సిలువ ఎక్కిన ఆయన సమాధిలో ఉండిపోలేదు, ఆయనలో నిద్రించినవారూ ఉండిపోరు. నేను నమ్మేది ఇదే. రాత్రి రెండు గంటలకు మీకు ఇది నమ్మబుద్ధి కాకపోతే, ఆ రాత్రికి మీ బదులు సంఘం నమ్ముతుంది. మీరు 88వ కీర్తన పైకి చదవండి. అది చీకటితోనే ముగుస్తుంది, ఓదార్పు మాట ఒక్కటీ లేకుండా. అయినా అందులోని మనిషి యెహోవానే పిలుస్తున్నాడు. అదీ ప్రార్థనే అయినప్పుడు, మీ విశ్వాసం అబద్ధమని నేనెలా అంటాను?

మీ భార్య ప్రశ్నకు నా దగ్గరా జవాబు లేదు. అన్నీ పోగొట్టుకున్న యోబుతో దేవుణ్ణి దూషించమన్నందుకు ఆయన భార్యను మన ప్రసంగాల్లో తిట్టిపోస్తారు. ఆమె కూడా పదిమంది పిల్లలను ఒక్క రోజే పోగొట్టుకున్న తల్లి అని చెప్పేవారు తక్కువ. కథ చివర దేవుడు కోప్పడింది యోబుకు ఆ కష్టం ఎందుకొచ్చిందో జవాబులు చెప్పిన స్నేహితుల మీదే. ఆ స్నేహితులు కూడా ఏడు రోజులు నోరు మెదపకుండా యోబు పక్కన నేల మీద కూర్చున్నంతవరకు మంచివాళ్లే. కాబట్టి మీ ఆవిడకు వాక్యం చూపించకండి, చర్చికి రమ్మని ఒత్తిడి చేయకండి. రేపు స్కూటీ తుడిచేటప్పుడు ఆవిడను పిలవండి. తుడవకపోయినా పక్కన నిలబడనివ్వండి. అమ్మాయి పేరు పెట్టి మాట్లాడండి. ఇద్దరిలో ఎవరికి ఏడుపు వచ్చినా రెండోవారు ఆపకండి.

పాస్టరు గారికి చెప్పి కొన్నాళ్లు ప్రార్థన నడిపించే బాధ్యత దించుకోండి. ‘ఏడ్చువారితో ఏడువుడి’ అన్నది సంఘానికి చెప్పిన మాట, ఇన్నాళ్లూ ఆ పని వారికి మీరు మిగల్చలేదు. వెనక బల్ల మీద కూర్చోండి. పాట రాకపోతే పాడకండి. ఇంకో సంగతి. డిసెంబరులో క్యారల్స్ బృందం రాత్రిపూట మీ ఇంటికీ వస్తుంది. నిరుటి దాకా అందులో మీ అమ్మాయి కూడా ఉండే ఉంటుంది. రమ్మనాలో వద్దో మీరిద్దరూ ముందే అనుకుని ఆ పిల్లలకు చెప్పండి. ఈ ఏడాది వద్దంటే వద్దనే చెప్పండి, ఎవరూ తప్పు పట్టరు. రమ్మంటే మాత్రం, తన స్నేహితులు కాబట్టి, పాట అయ్యాక కాసేపు కూర్చుని తన గురించి మాట్లాడి వెళ్లమనండి.