ఇంటి రెండో తాళంచెవి ఎవరి దగ్గరుండాలి?

ప్రశ్న: నాకు 28 ఏళ్లు. హైదరాబాద్‌లో పుట్టి పెరిగాను. మావారికి బ్యాంకులో బదిలీ కావడంతో ఎనిమిది నెలల కిందట గద్వాల వచ్చి, కోట దగ్గర్లో పైవాటా అద్దెకు తీసుకున్నాం. నేను రాత్రుళ్లు ఇంటి నుంచే ఉద్యోగం చేస్తాను. కింద ఉండే ఓనరమ్మ "రెండింటి దాకా లైటెందుకు వెలిగింది?", "ఇంకా పిల్లల్లేరా?" అని అడుగుతూనే ఉంటుంది. రెండో తాళంచెవి ఆమె దగ్గరే. మొన్న మేం లేనప్పుడు లోపలికొచ్చి, ఆరిన బట్టలు మడతపెట్టి వెళ్లింది. మావారేమో "పెద్దావిడ, సర్దుకుపో" అంటారు. ఒక్కదాన్నే హైదరాబాద్ వెళ్లిపోవాలనిపిస్తోంది.

జవాబు: అమ్మా, ఆమె ప్రశ్నలనూ ఆ తాళంచెవినీ మీరు ఒకే మూటలో కట్టేశారు. విడివిడిగా చూద్దాం.

గద్వాల లాంటి ఊళ్లో కూరగాయలమ్మే ఆమె కూడా "ఎవరింట్లో దిగారమ్మా?" అని అడిగాకే కాటా పట్టుకుంటుంది. అది నిఘా కాదు. అర్ధరాత్రి లైటు వెలిగిందంటే ఆవిడ లెక్కలో ఎవరికో జ్వరం, లేదా మొగుడూపెళ్లాల గొడవ. మీ ఉద్యోగం ఏమిటో ఆవిడకు ఎప్పుడైనా చెప్పారా? మీ ఉత్తరంలో ఆ మాట లేదు. ఒకసారి పైకి పిలిచి, ల్యాప్‌టాప్ చూపించి, "అమెరికావాళ్లకు ఇప్పుడు పగలు పిన్నీ" అనండి. వీధి మొత్తానికి ఆవిడే చెప్పిపెడుతుంది. పిల్లల సంగతికి మాత్రం "అది మేం చూసుకుంటాం లెండి" అని నవ్వి ఊరుకోండి. కారణం చెప్పారో, దానికింకో ప్రశ్న పుడుతుంది.

తాళంచెవి విషయంలో మీరు సర్దుకోనక్కర్లేదు. బట్టలు ప్రేమతోనే మడతపెట్టి ఉండొచ్చు, కానీ అద్దె కడుతున్నన్నాళ్లూ ఆ గడప లోపల మీ ఇల్లు. మనవాళ్లు మామూలుగా 11 నెలలకే అగ్రిమెంటు రాసుకుంటారు. మీదీ అదే అయితే మరో మూడు నెలల్లో మళ్లీ రాయాలి. తాళంచెవులు రెండూ అద్దెకున్నవాళ్ల దగ్గరే ఉంటాయని, మోటారో ట్యాంకో చూడాలంటే ముందురోజు చెప్పి రావాలని అందులో రాయించండి. ఒప్పుకోకపోతే ఇల్లు మారండి. ఖాళీ వాటాల సంగతి టులెట్ బోర్డుకన్నా ముందు పాలబ్బాయికీ ఇస్త్రీ చేసేవాడికీ తెలుస్తుంది. మీకు చిరాకు తెప్పించే ఆ నోటిమాటే అప్పుడు మీకు ఇల్లు వెతికిపెడుతుంది!

మీవారి "సర్దుకుపో" నాకు నచ్చలేదు. పొద్దున బయటికెళ్తే ఆయన 'బ్యాంకు సారు'. ఆయనకు ఊరు దొరికింది, మీకు వాటా మాత్రమే దొరికింది. ఇక్కడ ఎన్నాళ్లుంటామో ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోండి. నెలకోసారి కాచిగూడ రైలెక్కి పుట్టింట్లో మూడురోజులుండి వస్తే అది ఓటమేమీ కాదు. కాపురం రెండూళ్లలో పెట్టడం వేరే నిర్ణయం, ఒక తాళంచెవి మీద కోపంతో అది తీసుకోకండి.

సాయంత్రం లాగిన్ అయ్యేలోపు కోటలోకి నడవండి. చెన్నకేశవస్వామి గుడి అందులోనే ఉంది, డిగ్రీ కాలేజీ కూడా. ఒకరోజు నేతగాళ్ల ఇంటికి వెళ్లి, గద్వాల చీరలో నూలు ఒంటికి పట్టు అంచు మగ్గం మీదే ఎలా కలుపుతారో అడగండి. ఈసారి ప్రశ్నలు మీవంతు.

ఇక తాళంచెవి ఆదివారం అడగండి, మీవారు ఇంట్లో ఉంటారు. వాట్సాప్‌లో వద్దు. ఇద్దరూ కలిసి కిందికి దిగి, అడిగేది ఆయన్నే అడగమనండి.