సెకండ్ హ్యాండ్ కారులో లోపం బయటపడితే డీలర్‌కి తిరిగి ఇచ్చేయొచ్చా?

ఇవ్వొచ్చు, కాకపోతే ఆ లోపం అమ్మేనాటికే ఉందని, డీలర్ మీకు చెప్పలేదని చూపించగలగాలి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం పాత వస్తువులను మినహాయించలేదు, అందుకే జిల్లా వినియోగదారుల కమిషన్ లోపం సరిచేయమనో, డబ్బు తిరిగిమ్మనో డీలర్‌ని ఆదేశించగలదు.

భీమవరంలో ఒక కారు కొన్నారనుకోండి. వరద నీళ్లు తగల్లేదని డీలర్ రాసిచ్చాడు, నెల తిరక్కుండానే పవర్ విండోలు, లైట్లు ఒక్కొక్కటే మొరాయించాయి, మెకానిక్ కార్పెట్ ఎత్తి చూస్తే కింద ఎండిపోయిన ఒండ్రు, సీటు పట్టాలకి తుప్పు. అక్కడే ఫొటోలు తీయండి, మెకానిక్ చేత రిపోర్టు రాయించుకోండి, ముందు డీలర్‌కి రాతపూర్వకంగా నోటీసు ఇవ్వండి. దారికి రాకపోతే 2 ఏళ్లలోపు కేసు వేయాలి. కారు వేరే జిల్లాలో కొన్నా మీరుండే జిల్లాలోనే వేయొచ్చు, ధర 5 లక్షల లోపైతే ఫీజు కూడా లేదు.

చాలామంది ‘ఉన్నది ఉన్నట్టుగా’ అన్న కాగితం మీద సంతకం పెట్టాం కాబట్టి ఇక చేసేదేం లేదనుకుని వదిలేస్తారు, అది తప్పు. తెలిసీ దాచిన లోపానికి ఆ సంతకం అడ్డు కాదు. అయితే అరిగిన టైర్లు, బ్రేకు ప్యాడ్‌ల లాంటివి దీని కిందికి రావు, వ్యాపారి కాని మామూలు మనిషి దగ్గర కొన్నా ఈ కమిషన్‌కి వెళ్లలేరు.