మైగ్రేన్: మాత్రల లెక్క, మెగ్నీషియం లెక్క

ప్రశ్న: ఐదేళ్లుగా మైగ్రేన్. ఇప్పుడు నెలలో 20 రోజులు తలనొప్పే. దాదాపు రోజూ ఏదో ఒక నొప్పి మాత్ర వేసుకుంటే తప్ప పని సాగట్లేదు. మందులన్నీ మానేసి సహజ పద్ధతుల్లోకి మారాలని ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: ముందు ఆ రోజువారీ మాత్ర సంగతి తేల్చుకోవాలి. నెలలో 15 రోజులు, ఆపైన తలనొప్పి ఉండి, అందులో కనీసం 8 రోజులు మైగ్రేన్ లక్షణాలు కనిపిస్తూ, అలా మూడు నెలలు దాటితే దీర్ఘకాలిక మైగ్రేన్ అంటారు. మీది అదే కావచ్చు. కానీ నొప్పి మాత్రలు అతిగా వాడడం వల్ల వచ్చే తలనొప్పి కూడా అచ్చం ఇలాగే ఉంటుంది. చాలామందిలో రెండూ కలిసే ఉంటాయి. పారాసిటమాల్, ఐబుప్రోఫెన్ లాంటివైతే నెలకు 15 రోజులు, మైగ్రేన్‌కే ప్రత్యేకంగా ఇచ్చే ట్రిప్టాన్లు, ఎర్గాటమిన్, నల్లమందు జాతికి చెందిన కోడీన్, రెండు మూడు మందులు కలిపిన మాత్రలైతే 10 రోజులే హద్దు. మూడు నెలలకు పైగా ఆ హద్దు దాటుతుంటే మాత్ర ప్రభావం దిగగానే నొప్పి తిరిగొస్తుంది, దానికి మళ్లీ మాత్ర. ఈ చక్రం తిరుగుతుండగా విటమిన్లు మింగినా, ధ్యానం చేసినా ఫలితం అంతంతమాత్రమే. తర్వాత ‘సహజ వైద్యం పనిచేయలేదు’ అన్న మాట మిగులుతుంది.

లెక్క రోజుల్లో వేయండి, మాత్రల్లో కాదు. ఒకే రోజు మూడు వేసుకుంటే అది ఒక రోజే. మూడు రోజులు సగం సగం వేసుకుంటే మూడు రోజులు. క్యాలెండర్ మీద నొప్పి ఉన్న రోజుకు గీత, మాత్ర పడిన రోజుకు సున్నా పెడితే చాలు. పేజీలకు పేజీలు రాసే డైరీ రెండో వారానికే మూలన పడుతుంది.

పారాసిటమాల్, ట్రిప్టాన్ల లాంటివి ఒక్కసారిగా ఆపొచ్చు. కోడీన్, ట్రమడాల్ లాంటివి మాత్రం డాక్టరు పర్యవేక్షణలో మెల్లగా తగ్గించాలి. ఆపాక 2 నుంచి 10 రోజుల దాకా నొప్పి, వికారం, నిద్రలేమి ఎక్కువవుతాయి. చాలామంది ఇక్కడే భయపడి మళ్లీ మొదలెడతారు. కాబట్టి పని ఒత్తిడి లేని వారం చూసుకుని, డాక్టరుకు చెప్పి మరీ మొదలుపెట్టండి. తేడా తేలడానికి రెండు నెలలు పట్టొచ్చు. ఆ తర్వాత నొప్పి మాత్ర వారానికి రెండు రోజులు మించకూడదు. ఒక హెచ్చరిక: నొప్పి రాకుండా రోజూ వాడే ప్రొప్రనలాల్, అమిట్రిప్టిలిన్ లాంటివి ఈ లెక్కలోకి రావు. వాటిని సొంతంగా మానేయకండి. ప్రొప్రనలాల్ హఠాత్తుగా ఆపితే గుండెకే ముప్పు.

ప్రశ్న: మెగ్నీషియం, విటమిన్ బి2 రెండు వారాలు వాడాను. నొప్పి తగ్గలేదు సరికదా, విరేచనాలు పట్టుకున్నాయి.

జవాబు: రెండు వారాలు చాలవు. రెండింటికీ మూడు నెలల గడువివ్వాలి. మెగ్నీషియం రోజుకు 400 నుంచి 600 మిల్లీగ్రాములు వాడతారు. అది అసలు మెగ్నీషియం బరువు. డబ్బా మీద పెద్ద అక్షరాల్లో ఉండేది ఒక్కోసారి సమ్మేళనం మొత్తం బరువు. మెగ్నీషియం సిట్రేట్ అనే రకంలో అసలు మెగ్నీషియం ఆరో వంతు లోపే, ఆక్సైడ్ రకంలో 60 శాతం. విరేచనాలు ఎక్కువగా ఈ రెండింటితోనే. గ్లైసినేట్ రకం కొంత నయం. సగం మోతాదుతో మొదలెట్టి, రెండు పూటలకు పంచి, భోజనంతో వేసుకోండి. కిడ్నీ జబ్బు ఉంటే డాక్టరు చెప్పనిదే వద్దు. థైరాయిడ్ మాత్రకూ దీనికీ 4 గంటల ఎడం ఉండాలి.

బి2 మోతాదు రోజుకు 400 మిల్లీగ్రాములు. మామూలు బి-కాంప్లెక్స్ మాత్రలో ఉండేది అందులో పిసరంత. మూత్రం చిక్కని పసుపు రంగులోకి మారుతుంది, కంగారొద్దు. రెండూ ఒకే రోజు మొదలెడితే ఏది పనిచేసిందో, ఏది పడలేదో తెలియదు. ఒకటయ్యాకే ఇంకొకటి. బటర్‌బర్ అనే మూలిక జోలికి మాత్రం పోకండి, కాలేయం దెబ్బతిన్న కేసులున్నాయి.

ప్రశ్న: చాక్లెట్ తిన్న ప్రతిసారీ తలనొప్పి. పాలు, గోధుమలు కూడా మానేశాను. ఇంకా ఏం మానాలి?

జవాబు: ఇంకేమీ మానకండి. మైగ్రేన్ అనేది నొప్పికి కొన్ని గంటల ముందే, ఒక్కోసారి ముందు రోజే మొదలవుతుంది. ఆవలింతలు, మెడ పట్టేయడం, తీపి మీదికి మనసు పోవడం అందులో భాగమే. అంటే చాక్లెట్ వల్ల నొప్పి రావడం కాక, రాబోయే నొప్పే చాక్లెట్ అడిగి ఉండొచ్చు. అనుమానం ఉన్న పదార్థాన్ని ఒక్కదాన్నే నాలుగు వారాలు మాని, మళ్లీ తిని చూడండి. అన్నీ మానేసి, పూట తప్పించి తినడం ఇంతకంటే పెద్ద చేటు. కాఫీ తాగేవాళ్లయితే రోజూ అదే వేళకు, అదే కొలత. సెలవు రోజు పొద్దెక్కి లేచి, కాఫీ ఆలస్యం చేస్తే ఆ నొప్పికి రెండు కారణాలు.

ప్రశ్న: వ్యాయామం మంచిదంటారు. నాకేమో చేస్తే నొప్పి వస్తోంది.

జవాబు: ఒక్కసారిగా ఊపందుకోవడం, నీళ్లు తాగకపోవడం, ఖాళీ కడుపు: ఈ మూడూ చూసుకోండి. 10 నిమిషాలు మెల్లగా నడిచి ఆపై వేగం పెంచండి. మాట్లాడగలిగేంత ఆయాసం చాలు. 15 నిమిషాలతో మొదలెట్టి, వారాల మీద వారానికి మూడుసార్లు 40 నిమిషాలకు చేరండి. నొప్పి నడుస్తుండగా వద్దు. కండరాలను బిగించి వదిలే సాధన కూడా అంతే, నొప్పి లేని రోజుల్లో రోజూ 15 నిమిషాలు చేస్తేనే పట్టుబడుతుంది. అయితే శ్రమ పడేటప్పుడు నిమిషంలోపే భరించలేనంత నొప్పి విరుచుకుపడితే వ్యాయామం సంగతి వదిలేసి వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.