చేపల చెరువును చిట్టి ఆకు కప్పేసింది, మందు కొట్టొచ్చా?

ప్రశ్న: కైకలూరు దగ్గర మాకు నాలుగెకరాల చేపల చెరువు ఉంది. బొచ్చె, శీలావతి పెంచుతున్నాం. నిరుడు గుర్రపు డెక్కను కూలీలను పెట్టి తీయించాం. ఈ ఏడు దాని చోట పెసరబద్దంత ఆకు లేచి సగానికి పైగా నీటిని కప్పేసింది. మధ్యమధ్యలో అంతరతామర అనే తేలే మొక్క కూడా ఉంది. తెల్లవారుజామున చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. కలుపు మందు కొట్టమంటున్నారు. కొట్టొచ్చా? తీసిన ఆకును గేదెలకు వేయొచ్చా?

జవాబు: ఇప్పుడు మందు కొట్టకండి. సగం చెరువు మీదున్న ఆకు ఒక్కసారే చస్తే అడుగుకు చేరి కుళ్లుతుంది. కుళ్లేటప్పుడు నీళ్లలోని ప్రాణవాయువును అదే లాగేస్తుంది. ఇప్పటికే ఊపిరాడని చేపలకు ఆ కాస్తా మిగలదు. మందు కొట్టిన నాలుగు రోజులకు చేపలు తేలితే అందరూ మందునే తిడతారు గానీ, చాలాసార్లు చంపేది కుళ్లిన ఆకే. తినే చేపలున్న నీళ్లలో మందు అవశేషాల బెడద ఎలాగూ ఉంది.

ముందు ఈ రాత్రి సంగతి చూడండి. అర్ధరాత్రి నుంచి ఎండ వచ్చేదాకా ఏరేటర్లు (నీటిని చిలికి గాలి కలిపే యంత్రాలు) తిప్పండి. అవి లేకపోతే మోటారుతో చెరువు నీటినే తోడి పైనుంచి చిమ్మించండి. చేపలు తేరుకునేవరకు తవుడు, నూనెగింజల చెక్క, పెంట అన్నీ ఆపేయండి. మబ్బు పట్టిన రోజుల్లో మరింత కనిపెట్టి ఉండాలి. తెల్లవారేసరికి ప్రాణవాయువు లీటరుకు 3 మిల్లీగ్రాముల కంటే తగ్గకూడదు, 5 ఉంటే నిశ్చింత.

పచ్చటి ఆకు ప్రాణవాయువు ఇవ్వదా అంటారేమో. ఇస్తుంది, కానీ ఎక్కువ భాగం గాలిలోకి పోతుంది. పగలు నీటికి ఇచ్చేది నీళ్లలో కలిసి ఉండే సూక్ష్మ మొక్కలు, మీరు ‘నీటి రంగు’ అని చూసుకునేది. పైనున్న ఆకు వాటికి ఎండ తగలనివ్వదు, గాలిని నీటిని తాకనివ్వదు. నీటి రంగు పోతే బొచ్చెకు సహజమైన మేతా తగ్గుతుంది.

గుర్రపు డెక్క పోయినా మీ నీళ్లలో ఎరువు పోలేదు. అసలు చిక్కు అక్కడుంది. తేలే మొక్కలకు నేలతో పని లేదు, నీళ్లలో కరిగిన నత్రజని, భాస్వరమే వాటి తిండి. పెద్ద మొక్క ఉన్నన్నాళ్లు చిట్టి ఆకు దాని నీడలో, గట్టు వారన అణిగి ఉంటుంది. అది పోగానే ఎండా నీళ్లూ దీనివే. దీన్ని లెమ్నా లేదా డక్‌వీడ్ అంటారు. అన్నీ అనుకూలిస్తే రెండు మూడు రోజులకే రెట్టింపవుతుంది. కొల్లేరు చుట్టూ వరిచేల మురుగు, ఊళ్ల మురుగు, పై చెరువులు వదిలిన నీళ్లు అన్నీ ఒకే డ్రెయిన్‌లో పడతాయి. ఆ నీళ్లు తోడుకుంటూ పైనుంచి కోళ్ల పెంట కూడా వేస్తుంటే, పెంట ఈ పంటకు పూర్తిగా మానేయండి. ఎండపూట చేతిని నీళ్లలో ముంచండి. మోచెయ్యి మునగకముందే అరచెయ్యి కనపడకుండా పోతే ఎరువు ఎక్కువైనట్టే. ఆకు తీసేశాక ఈ పరీక్ష వారం వారం చేసుకోవాలి.

ఇక తీయడం. గాలి వీచే రోజు ఆకంతా ఒక మూలకు చేరుతుంది. అప్పుడు వెదురు బొంగులు అడ్డం కట్టి, సన్నకన్ను వలతో లాగించండి. వారం పదిరోజుల్లో విడతలుగా చేస్తే నీటి రంగు మెల్లగా తిరిగొస్తుంది. అంతరతామరను పిలకలతో సహా ఏరించండి. దాని వేళ్లను పట్టుకుని ఊపిరి పీల్చుకునే మాన్సోనియా దోమపిల్లలు ఉంటాయి, ఇంటి దగ్గరి చెరువైతే అదొక బాధ. తీసిందాన్ని గట్టు వాలున పోస్తే తొలి వానకే మళ్లీ చెరువులోకి వస్తుంది. గుర్రపు డెక్క విత్తనాలు బురదలో 15–20 ఏళ్లు బతికి ఉండగలవు. కాబట్టి చెరువు ఎండగట్టి మళ్లీ నీళ్లు పెట్టిన తర్వాత గట్టు వారన లేచే మొలకలను పూత రాకముందే పీకించాలి.

గడ్డి చేపలు (గ్రాస్ కార్ప్) లెమ్నాను ఇష్టంగా తింటాయి, అంతరతామర జోలికి పెద్దగా పోవు. తిన్నదాంట్లో చాలా భాగం పెంటగా మళ్లీ నీళ్లలోనే వదులుతాయి కాబట్టి సగం నిండిన చెరువును వాటికి అప్పగిస్తే పని జరగదు. ముందు మనుషులతో తీయించి, తర్వాత ఎకరానికి 40–50 చొప్పున, ఒక్కొక్కటి 100 గ్రాములకు పైబడినవి వదలండి. వాటి కోసం ఓ మూలన వెదురు చట్రంలో కాస్త ఆకు ఉంచుకోవచ్చు. ఎండబెట్టిన లెమ్నాలో మాంసకృత్తులు దండిగా ఉండే మాట నిజమే, కానీ పచ్చి ఆకులో 90 శాతం పైగా నీళ్లే. దీంతో మేత ఖర్చు సగమవుతుందనే మాట నమ్మకండి.

గేదెలకు ఈ ఆకు వద్దు. మురుగు కలిసిన నీటి ఆకు ఒంట్లో ఏముంటుందో కంటికి కనపడదు. పైగా నత్తలున్న చెరువు ఆకు మీద పశువుల కాలేయానికి పట్టే జలగ రోగం పిల్లపురుగులు అంటుకుని ఉండొచ్చు. అంతరతామర అయితే నోరు దురద పెడుతుంది. పశువులకు కావాలంటే మంచినీళ్లతో వేరే గుంటలో అజొల్లా పెంచుకోండి. ఈ ఆకును రెండు రోజులు నీరోడనిచ్చి, పేడ, వరిగడ్డి పొరలుగా కలిపి కంపోస్టు గుంటలో వేయండి.