డీజిల్ పొగలో రేణువులు లెక్కపెట్టే ఉద్యోగం: చేర్చాలా, చదివించాలా?

ప్రశ్న: మాది రావులపాలెం. డీజిల్ బళ్ల షెడ్డు నడుపుతాను. మా అమ్మాయి ఈ ఏడాదితో మెకానికల్ డిప్లొమా పూర్తి చేస్తుంది. కార్లను రోడ్డు మీద నడుపుతూ పొగలో సన్న రేణువులు కొలిచే పనికి, చెన్నై వైపు ఒక ల్యాబు వాళ్లు ట్రెయినీగా తీసుకుంటామంటున్నారు. అది పొల్యూషన్ సర్టిఫికెట్ పనేనని, ఎలాగూ కరెంటు బళ్లు వచ్చేస్తున్నాయని మా బావమరిది వద్దంటున్నాడు. చేర్చమంటారా, ఇంజనీరింగ్ రెండో ఏడాదిలో చేరేందుకు ఈసెట్ రాయించమంటారా?

జవాబు: ఈసెట్ రాయించండి. అయితే మీ బావమరిది చెప్పిన కారణాలు రెండూ సరైనవి కావు.

పొల్యూషన్ సర్టిఫికెట్ కోసం బండిని నిలబెట్టి, ఎక్సలేటర్ తొక్కి, పొగ ఎంత మసగ్గా ఉందో చూస్తారు. డీపీఎఫ్ (పొగలో మసిని పట్టే ఫిల్టరు) ఉన్న బండికి ఆ మీటరు ఇంచుమించు సున్నా చూపిస్తుంది. ఫిల్టరు లోపల బీట వేసినా చాలాసార్లు అంతే. అందుకే జర్మనీలో 2023 జులై నుంచి కొత్త తరం డీజిల్ బళ్ల తనిఖీలో రేణువులనే లెక్కపెడుతున్నారు. ఘన సెంటీమీటరుకు రెండున్నర లక్షలు దాటితే బండి ఫెయిలే. (ఫిల్టరు పీకేయమని మీ షెడ్డుకు వచ్చే వాళ్లకు ఈ సంగతి చెప్పి పంపండి.)

మీ అమ్మాయిని పిలుస్తున్నది వేరే పనికి. మన దేశపు ఉద్గారాల ప్రమాణం బీఎస్-6 దశలో డీజిల్ కారుకు పరిమితి కిలోమీటరుకు 60 వేల కోట్ల రేణువులు. 2023 ఏప్రిల్ నుంచి ల్యాబులోనే కాక, నిజమైన రోడ్డు మీద కూడా బండి ఉద్గారాలను నిరూపించుకోవాలి. దానికి వాడే సరంజామాను పెమ్స్ అంటారు. పొగ గొట్టానికి బిగించే ఫ్లో మీటరు, వేడి చేసిన శాంపిల్ గొట్టం, గ్యాస్ ఎనలైజర్లు, రేణువుల కౌంటరు, జీపీఎస్, గాలి వేడినీ తేమనూ చూసే సెన్సార్లు, వీటన్నిటికీ విడిగా బ్యాటరీ. రేణువుల కౌంటరు శాంపిల్‌ను పలచన చేసి, బాగా వేడి చేసి, నూనె ఆవిర్లను వదిలించుకుని, సుమారు 23 నానోమీటర్లకు పైబడిన గట్టి రేణువులను మాత్రమే లెక్కలోకి తీసుకుంటుంది. మిల్లీమీటరును 40 వేలకు పైగా ముక్కలు చేస్తే ఒక ముక్క అంత ఉంటుంది.

లెక్క చూడండి. ఘన సెంటీమీటరుకు 10 వేల రేణువులున్న పొగ సెకనుకు 30 లీటర్లు పోతోందనుకుందాం. సెకనుకు 30 కోట్లు. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో కిలోమీటరుకు నిమిషం పడుతుంది కాబట్టి 1,800 కోట్లు. పరిమితిలో ముప్ఫయ్యో వంతు కన్నా తక్కువే. పనిచేస్తున్న ఫిల్టరు గొప్పదనం అది.

తప్పులు దొర్లేది కూడా ఈ గుణకారంలోనే. ఫ్లో మీటరు వెంటనే స్పందిస్తుంది, పొగ శాంపిల్ గొట్టం దాటి కౌంటరుకు చేరేసరికి కొన్ని సెకన్లు గడుస్తాయి. ఆ జాప్యాన్ని సరిచేయకపోతే, గేరు మార్చి తొక్కినప్పటి పెద్ద ఫ్లోను అంతకు ముందరి చిన్న సంఖ్యతో గుణిస్తాం. ట్రిప్పుకు ముందు హెపా ఫిల్టరు (అతి సన్న ధూళిని ఆపేది) గుండా వచ్చిన గాలితో రెండు నిమిషాల సగటు తీసి జీరో చూడాలి. అది ఘన సెంటీమీటరుకు 5 వేలు దాటకూడదని యూరప్ నియమం. పై ఉదాహరణలోని 10 వేలకు ఆ 5 వేలు తోడైతే ఎంత తేడా వస్తుందో మీరే ఊహించండి. క్లాంపు దగ్గర లీకుంటే బయటి గాలి కలిసి లెక్క తగ్గుతుంది. రబ్బరు జాయింటుకు వేడి పొగ తగిలితే రబ్బరే రేణువులు వదులుతుంది, లెక్క పెరుగుతుంది. గొట్టం హీటరు ఆగితే లోపల నీరు పడుతుంది. ట్రిప్పు మధ్యలో డీపీఎఫ్ రీజెనరేషన్ (పట్టిన మసిని కాల్చేసుకోవడం) మొదలైతే సంఖ్య ఒక్కసారిగా పైకి పోతుంది. దాన్ని చూసి కౌంటరు చెడిందనుకునే కొత్తవాళ్లున్నారు.

మన డెల్టాకు ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. 100 కిలోమీటర్లకు మొత్తం ఎక్కిన ఎత్తు 1,200 మీటర్లు మించకూడదని యూరప్ పరీక్ష నియమం. రావులపాలెం నుంచి అమలాపురం దాకా వంతెనలు, గట్లు తప్ప ఎక్కేదేముంది? కానీ జీపీఎస్ ఎత్తు ఒక సెకను అర మీటరు పైకి, మరుసటి సెకను అర మీటరు కిందికి ఊగుతూ ఉంటే చాలు, గంటలో 900 మీటర్ల దొంగ ఎత్తు పోగవుతుంది. డేటాను నునుపు చేయకుండా కూడితే చదును నేల మీద కొండెక్కినట్టు వస్తుంది.

ఈసెట్ అనడానికి కారణం ఇదే. బిగించడం, జీరో చూడటం, డ్రైవరు పక్కన కూర్చోవడం డిప్లొమా వాళ్లకు ఇస్తారు. డేటా సరిచేసి పాస్ ఫెయిల్ తేల్చే పని ఇంజనీర్లకు పోతుంది, ఎదుగుదల అక్కడే. మెకానికల్‌లో రెండో ఏడాది సీటు తీసుకుని ఇన్‌స్ట్రుమెంటేషన్, స్టాటిస్టిక్స్, పైథాన్ వదలకుండా నేర్చుకోవాలి. తర్వాత పుణెలో ఏఆర్ఏఐ, మానేసర్‌లో ఐక్యాట్, ఒరగడంలో జీఏఆర్‌సీ లాంటి వాహన పరీక్షా కేంద్రాల్లో ఇంటర్న్‌షిప్‌కు ప్రయత్నించాలి.

సాధన మీ షెడ్డులోనే మొదలుపెట్టవచ్చు. బండి కంప్యూటరు రీడింగులు చదివే చవక ఓబీడీ అడాప్టరుతో వేగం, ఆర్‌పీఎం, ఎయిర్ ఫ్లో సెన్సార్ రీడింగు రికార్డు చేయించండి. ఊళ్ల మధ్య రోడ్డు, 16వ నంబరు హైవే రెండూ ఉండేలా గంటన్నర ట్రిప్పు చాలు. గాలికి ఇంధనం కలిపి పొగ ఫ్లో అంచనా కట్టమనండి. ఎయిర్ ఫ్లో బదులు మానిఫోల్డ్ ప్రెజర్ నుంచి లెక్క కడితే ఈజీఆర్ (పొగలో కొంత తిరిగి ఇంజన్‌లోకి పంపే వాల్వు) తెరిచినప్పుడు ఎందుకు ఎక్కువొస్తుందో మీరే చెప్పగలరు.

ఇక కరెంటు బళ్ల సంగతి. యూరప్ కొత్త ప్రమాణం యూరో-7 లెక్కించే రేణువుల సైజు హద్దును 10 నానోమీటర్లకు దించింది, బ్రేకుల నుంచి రాలే ధూళికీ పరిమితి పెట్టింది. కరెంటు కారుకూ బ్రేకులుంటాయి కదా.

ఈసెట్‌లో సరైన సీటు రాకపోతే ఆ ల్యాబులోనే చేర్చండి. ముందు మూడు విషయాలు అడగండి: జీతం ఇచ్చేది ల్యాబా కాంట్రాక్టరా, ముడి డేటా చూడనిస్తారా, బాండు ఎన్నేళ్లు. సర్టిఫికెట్ల జిరాక్సులే ఇవ్వండి, ఒరిజినల్స్ చూపించి వెనక్కి తెచ్చుకోండి. ఈసెట్ కౌన్సెలింగ్‌కి అవి కావాలి.