చిక్కుడు పాదు, పేనుబంక, ఎండ

ప్రశ్న: మాస్టారూ, మా పెరట్లో చిక్కుడు పాదుకి ఏటా సంక్రాంతి వెళ్లేసరికి నల్లగా పేనుబంక పట్టేస్తుంది. శివరాత్రి దాటి ఎండలు ముదిరితే దానంతటదే మాయమవుతుంది. బీఎస్సీ చదివే మా మనవడేమో "దాని ఒంట్లో బాక్టీరియా ఉంటుంది అమ్మమ్మా, ఎండకి ముందు పోయేది అదే" అంటాడు. నిజమేనా, నన్ను ఆటపట్టిస్తున్నాడా?
– ఒక పాఠకురాలు, తణుకు

జవాబు: ఆటపట్టించడం లేదమ్మా. కుర్రాడు పాఠం శ్రద్ధగానే విన్నాడు. అయితే మీ పాదు సంగతంతా ఆ ఒక్క కారణానికే కట్టేస్తానంటే మాత్రం నేను ఒప్పుకోను.

పేనుబంక తాగేది తీగలో పారే తీపి రసం. దాదాపు పంచదార నీళ్లే అనుకోండి. ఎక్కువైన తీపి వెనకనుంచి బంకగా కారిపోతుంది, మీ పాదు మీద చీమల బారు దానికోసమే. ఒళ్లు పెరగడానికి కావలసిన అమైనో ఆమ్లాలు మాత్రం ఆ రసంలో చాలవు. వాటిని వండిపెట్టేది బుక్నెరా అనే బాక్టీరియా. దాని కాపురం పేగులో కాదు, పురుగు పొట్టలో దానికోసమే ఏర్పడ్డ పెద్ద పెద్ద కణాల్లో. ఓసారి భూతద్దం పెట్టి లేత కొస మీద చూడండి. తల్లి పురుగు మగతోడు లేకుండానే పిల్లల్ని కంటుంది. పిల్ల వెనకభాగం ముందు బయటికొస్తుంది, కాసేపు వేలాడి, కాళ్లు విడిపించుకుని తీగని పట్టుకుంటుంది. పుట్టేటప్పుడే దాని ఒంట్లో తల్లిచ్చిన బుక్నెరా ఉంటుంది. పది కోట్ల ఏళ్లకు పైగా ఇదే వరస.

అన్నేళ్లు గడప దాటనివాడికి గొడుగెందుకు, చెప్పులెందుకు? బుక్నెరా తన జన్యువుల్ని ఒక్కొక్కటే పారేసుకుంది. 2000లో జపాన్ శాస్త్రవేత్తలు బఠాణీ పేనుబంకలోని బుక్నెరా జన్యుపటం చదివితే తేలినవి సుమారు 6.4 లక్షల డీఎన్ఏ అక్షరాలే. మన పేగుల్లో ఉండే ఈ-కొలైకి 46 లక్షల దాకా ఉంటాయి. అందుకే వేడికి అది ఇంత అలుసు.

వేడెక్కితే కణంలోని ప్రొటీన్లు ఉడికిన తెల్లసొనలా గడ్డకడతాయి. అలా కాకుండా కాచే ప్రొటీన్లు కొన్నుంటాయి. 2007లో అమెరికాలో నాన్సీ మోరాన్ బృందం కొన్ని బుక్నెరాల్లో అలాంటి ఒక ప్రొటీన్ జన్యువుకి ముందున్న మీటలో ఒకే ఒక్క అక్షరం రాలిపోయిందని గమనించింది. ఆ బుక్నెరా ఉన్న పిల్లపురుగుల్ని నాలుగు గంటలు 35 డిగ్రీల వేడిలో ఉంచారు. పురుగులు చావలేదు, పెరిగి పెద్దవయ్యాయి కూడా. పిల్లలు మాత్రం లేరు, ఉన్నా ఒకటీ అరా. లోపల బాక్టీరియా తుడిచిపెట్టుకుపోయింది మరి. చల్లగా ఉన్నచోట ఇదే లోపమున్న పురుగులు మిగతావాటికంటే ముందుగా, ఎక్కువగా కన్నాయి! పొలాల్లో పట్టుకొచ్చిన పురుగుల్లోనూ ఈ లోపం కనిపించిందంటే వింతేముంది.

కొన్ని పేనుబంకల్లో సెర్రాషియా అనే మరో బాక్టీరియా కూడా రెండో అద్దెదారుగా ఉంటుంది. అదున్న పురుగు ఎండదెబ్బకి అంత తేలిగ్గా లొంగదు.

ఇది పేనుబంకతో ఆగేది కాదు. జపాన్‌లోని క్యోటోలో పచ్చని కంపునల్లిని (మొక్కల రసం పీల్చే పురుగు) బయటి వాతావరణం కంటే 2.5 డిగ్రీలు ఎక్కువ వేడిలో పెంచి చూశారు (2016లో అచ్చయింది). వేసవిలో నల్లులు గిడసబారాయి, రంగు చెడింది, పేగులో బాక్టీరియా తగ్గింది. మామూలు వేడిలోనే ఉంచి, యాంటీబయాటిక్‌తో ఆ బాక్టీరియాని తగ్గించినా అదే గతి పట్టింది. నాకు అన్నిటికంటే నచ్చిన మెలిక ఇదే. దెబ్బ తగిలింది అద్దెదారుకి, కుంటింది ఇంటాయన.

ఇక మీ పాదు. మీది నల్ల పేనుబంక. బుక్నెరా దానికీ ఉంది గానీ నేను పైన చెప్పిన పేనుబంక ప్రయోగాలు బఠాణీ పేనుబంక మీదివి. పైగా శివరాత్రికి చిక్కుడు కాపు అయిపోయి తీగ ముదురుతుంది, రసం తగ్గుతుంది, గుంపు ఎక్కువైతే రెక్కలొచ్చినవి లేచిపోతాయి. ఈలోగా పేనుబంకని తినే అక్షింతల పురుగులు వచ్చి పడతాయి. ఇన్ని జరుగుతుంటే పేరంతా ఎండకే ఇవ్వడం అన్యాయం కదా.

ఎండకోసం కాచుక్కూర్చోకండి. కొసలు నల్లబడుతుండగానే పొద్దున్నే పైపుతో నీళ్లు గట్టిగా కొట్టండి, బాగా పట్టిన కొసలు తుంచి పారేయండి. నిరుడు నేను తెలివి మీరి పొగాకు కషాయం కొట్టాను. పేనుబంకతోపాటు అక్షింతల పురుగులూ పోయాయి. పది రోజులకి పేనుబంకే తిరిగొచ్చింది. ఆకు కింద నల్లగా, పొడుగ్గా, నారింజ మచ్చలతో ఆరు కాళ్ల మీద చకచకా తిరిగేది కనిపిస్తే పురుగనుకుని నలిపేయకండి, అది అక్షింతల పురుగు పిల్ల.