నిద్రమాత్ర వేసుకున్నాక మాట్లాడింది గుర్తుండటం లేదు... వాడొచ్చా?

ప్రశ్న: నా వయసు 47 ఏళ్లు. ఇటీవల మా అమ్మ చనిపోయినప్పటి నుంచి నిద్ర పట్టడం లేదు. డాక్టరు రెండు వారాలకు జోల్పిడెమ్ 5 మి.గ్రా. మాత్రలు రాసిచ్చారు. రాత్రి భోజనం కాగానే వేసుకుని, కాసేపు టీవీ చూసి పడుకుంటున్నాను. నిద్ర రాకపోతే మరొకటి వేసుకుంటున్నాను. మొన్న రాత్రి మా చెల్లెలితో చాలాసేపు ఫోన్‌లో మాట్లాడానట. తెల్లారాక ఒక్క ముక్కా గుర్తు లేదు. ఈ మాత్రలు కొనసాగించవచ్చా? అలవాటైపోతుందా?

సమాధానం: అమ్మగారిని పోగొట్టుకున్న దుఃఖంలో నిద్ర దూరమవటం సహజమే, దానికి కొద్దిరోజుల పాటు మందు ఇవ్వటమూ సబబే. కానీ మీరు చివర్లో రాసిన ఫోన్ సంగతిని నేను తేలిగ్గా తీసుకోలేను. ఈ మాత్ర వేసుకుని మెలకువగా ఉంటే ఆ సమయంలో జరిగినవి జ్ఞాపకంలో నిలవకపోవచ్చు. లేదా, నిద్ర మత్తులోనే లేచి మాట్లాడటం, వంట చేయటం, చివరికి వాహనం నడపటం వంటివీ జరగొచ్చు. ఇవి అరుదే అయినా వీటి వల్ల తీవ్రంగా గాయపడినవారు, ప్రాణాలు పోగొట్టుకున్నవారు ఉన్నారు. అందుకే అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2019లో జోల్పిడెమ్, ఎస్జోపిక్లోన్, జాలెప్లాన్ మందులపై అత్యంత తీవ్రమైన హెచ్చరికను చేర్చింది. ఒక్కసారి ఇలా జరిగినా మళ్లీ వాడొద్దని చెప్పింది. మీకు జరిగింది ఈ రెండింటిలో ఏదో ఇంట్లో కూర్చుని తేల్చుకోలేం. కాబట్టి ఈ రాత్రి మాత్ర వేసుకోకండి. మీ డాక్టరుకు వెంటనే విషయం చెప్పండి, అదనంగా ఎన్ని వేసుకున్నారో కూడా దాచకుండా చెప్పండి.

వేసుకునే తీరులోనూ పొరపాటు ఉంది. కడుపు నిండా తిన్న వెంటనే వేసుకుంటే మందు రక్తంలోకి ఆలస్యంగా చేరుతుంది. పనిచేయలేదనుకుని రెండోది వేసుకుంటారు, కాసేపటికి రెండూ కలిసి పనిచేస్తాయి. మీలాంటి స్త్రీలకు ఇది మరీ ముఖ్యం. మర్నాటి ఉదయానికి కూడా స్త్రీల రక్తంలో ఈ మందు ఎక్కువగా మిగులుతోందని గమనించి, 2013లో ఎఫ్‌డీఏ వారికి సిఫార్సు చేసే మోతాదును 10 నుంచి 5 మి.గ్రా.కు తగ్గించింది. రెండో మాత్రతో మీరు మళ్లీ ఆ 10 దగ్గరికే వెళుతున్నారు. ఇకపై డాక్టరు ఇలాంటి మరేదైనా మందు రాస్తే తలుపులు గడియ పెట్టి, ఫోన్ పక్కన పెట్టేసి, పక్క మీదికి చేరాకే వేసుకోండి. లేవటానికి కనీసం ఏడెనిమిది గంటల వ్యవధి ఉండాలి. మర్నాడు మత్తుగా ఉంటే బండి నడపకూడదు.

మద్యంతో గానీ, ట్రమడాల్ వంటి ఓపియాయిడ్ నొప్పి మాత్రలతో గానీ, ఆందోళనకు వాడే ఆల్ప్రజోలమ్ వంటి వాటితో గానీ కలిస్తే శ్వాస మందగించి ప్రాణాపాయం కలగొచ్చు. మగత తెప్పించే జలుబు మందులు వాడుతున్నా డాక్టరుకు చెప్పాలి. గట్టిగా గురక పెడుతూ మధ్యలో ఊపిరి ఆగేవారు, కాలేయ జబ్బు ఉన్నవారు, గర్భిణులు ఆ సంగతి ముందే చెప్పాలి. వృద్ధులు రాత్రి మూత్రానికి లేచి పడిపోయి తుంటి ఎముక విరగ్గొట్టుకునే ప్రమాదమూ ఉంది.

ఇక అలవాటు విషయం. రాసిచ్చిన మోతాదులో రెండు వారాలు వాడితే ఆ భయం తక్కువే. అయితే మాత్ర ఆపిన తర్వాత ఒకటి రెండు రాత్రులు నిద్ర మునుపటికన్నా చెడిపోవచ్చు. మాత్ర లేకపోతే తనకు ఇక నిద్రే రాదని మనిషి నమ్మేది ఆ రాత్రుల్లోనే, అలవాటుకు బీజం పడేదీ అక్కడే. ఇది మందు ఆపటం వల్ల వచ్చిన తాత్కాలిక ఇబ్బందేనని తెలిసి ఓర్చుకుంటే సద్దుమణుగుతుంది. చాలా వారాలు, నెలల తరబడి వాడుతున్నవారు మాత్రం సొంతంగా హఠాత్తుగా ఆపకూడదు. ముఖ్యంగా బెంజోడయాజెపైన్లను (ఆల్ప్రజోలమ్ ఈ కోవలోదే) అలా ఆపితే ఫిట్స్ రావచ్చు. డాక్టరు పర్యవేక్షణలో మెల్లగా తగ్గించుకోవాలి.

ఎంత ఆలస్యంగా నిద్రపట్టినా ఉదయం ఒకే వేళకు లేవండి. ఇరవై నిమిషాలైనా నిద్ర రాదనిపిస్తే పక్క దిగి, మసక వెలుతురులో కూర్చుని, కళ్లు మూతలు పడ్డాకే తిరిగి వెళ్లండి. మధ్యాహ్నం తర్వాత కాఫీ మానేయండి. వారానికి మూడు రాత్రుల చొప్పున మూడు నెలలకు మించి ఇలాగే సాగితే నిద్రకు అడ్డొచ్చే ఆలోచనలను, అలవాట్లను మార్చే కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ అనే చికిత్సకే తొలి ప్రాధాన్యం. తెల్లవారుజామునే మెలకువ వచ్చి, దేనిపైనా ఆసక్తి లేక, బతకాలని అనిపించకపోతే ఒక్కరోజు కూడా ఆగకుండా డాక్టరును కలవండి, ఇంట్లో వారికీ చెప్పండి.

మిగిలిన మాత్రలను మంచం పక్కన ఉంచుకోకుండా ఇంట్లో నమ్మకమైన వారికి అప్పగించండి. నిద్ర రావటం లేదని ఎవరు అడిగినా వాటిలో ఒక్కటి కూడా ఇవ్వకండి.